జిరాక్సు జయపాల్ ఫోటోకి పడిన దండ

పాలకొల్లులో కాలువ పక్క వీధిలో ఉండే జయపాల్‌ని చర్చిలో తప్ప ఎవరూ ఒట్టి పేరుతో పిలవరు. అందరికీ ఆయన జిరాక్సు జయపాల్. అలాగని జిరాక్సులు తీసే కొట్టు ఉందని కాదు. ఆ మెషిన్లు పాడైతే బాగుచేస్తాడు. కుర్రతనంలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి టీవీలు రిపేరు చేసుకుని బతుకుదామనుకున్నాడు. చదువు పూర్తయ్యేసరికి జనం టీవీ పాడైతే కొత్తది కొనుక్కోవడం మొదలుపెట్టారు. పాతదాన్నే పట్టుకుని వేలాడేది ఆఫీసులు మాత్రమేనని అర్థమయ్యాక ఈ పనిలోకి వచ్చాడు.

డెల్టాలో ఏ ఊరి మెషిన్‌కి ఆ ఊరి జబ్బు. మండపేటలో రైసుమిల్లుల ఊకబూడిద గాల్లో తేలుతూ వచ్చి మెషిన్ లోపలి అద్దం మీద వాలుతుంది, ఇక ప్రతి కాపీ మీదా నిలువునా ఒక నల్లచార. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లన్నీ ఒక్కసారిగా తిరగడం మొదలుపెడితే ఓల్టేజి పడిపోయి మెషిన్ సగం కాపీలో నిద్రపోతుంది. నరసాపురంలో ఉప్పుగాలికి లోపలి స్ప్రింగులు తుప్పు పడతాయి. వానాకాలం వస్తే మాత్రం అన్ని ఊళ్ళకీ ఒకటే రోగం. చెమ్మపట్టిన కాగితాలు ఒకదాన్నొకటి కావలించుకుని లోపలికెళ్ళి ఇరుక్కుపోతాయి.

వీటన్నిటికీ జయపాల్ దగ్గర ఏదో ఒక మందు ఉండేది. ఒక కాలేజీలో మెషిన్ తెర మీద అక్షరాలు ఏ దేశానివో ఎవరికీ తెలియదు. ఎక్కడో వాడి వదిలేసిన సరుకు ఓడెక్కి చెన్నై మీదుగా వచ్చింది. తెర మీద రెండు పాములు ముడేసుకున్నట్టు కనిపిస్తే కాగితం ఇరుక్కుందని, గొడుగులాంటిది కనిపిస్తే అచ్చువేసే నల్లపొడి అయిపోయిందని జయపాల్ వాళ్ళకి నేర్పాడు. ఆ కాలేజీ క్లర్కు ఇప్పటికీ ఫోన్ చేసి, "జయపాల్ గారండీ, పాములు వచ్చాయండీ" అంటాడు.

మందు దొరకని మెషిన్ ఒక్కటే. నరసాపురం దాటాక ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఉండేది. ఊరి పేరు చెప్తే అక్కడివాళ్ళు చిన్నబుచ్చుకుంటారు, అందుకని చెప్పను.

ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్ రామతులసి గారు, అటెండరు బుల్లిరాజు. మెషిన్ ఎప్పుడు వచ్చిందో వాళ్ళిద్దరికీ తెలియదు, వాళ్ళు వచ్చేసరికే ఉంది. దూడంత బరువు. ఆగిపోయిందని రామతులసి గారు ఫోన్ చేస్తారు. జయపాల్ సంచీ భుజాన వేసుకుని బండి మీద బయలుదేరతాడు. వెళ్ళి మీట నొక్కుతాడు. మెషిన్ హాయిగా కాపీ తీస్తుంది.

"ఇందాకటి దాకా కదల్లేదండీ. ఒట్టు" అనేవారు రామతులసి గారు.

జయపాల్ ఊరికే పోకుండా అంతా విప్పి తుడిచి, బిగించి, మరోసారి నడిపి చూసి బయలుదేరేవాడు. నరసాపురం స్టేషన్ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ఫోన్. వెనక్కి వెళ్తే మళ్ళీ బ్రహ్మాండంగా పనిచేసేది. వైరింగు చూశాడు, ఎర్తు చూశాడు, స్టెబిలైజరు మార్చాడు, బల్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు మార్చాడు. మార్చగలిగిన భాగాలన్నీ మార్చేశాక అది పాత మెషినేనా అన్న అనుమానం అతనికే వచ్చింది. అయినా దాని బుద్ధి మారలేదు.

అసలు సంగతి కనిపెట్టింది బుల్లిరాజు. ఒకరోజు జయపాల్ ఎదురుగా ఉన్న టీకొట్టుకి వెళ్తే మెషిన్ నడుస్తూనే ఉంది. టీ తాగి, సిగ్నల్ కోసం రైతుబజారు వైపు నడిచాడు. మెషిన్ ఆగింది. ఫోన్ మాట్లాడుకుని తిరిగి వచ్చాడు. నడిచింది. బుల్లిరాజు ఇది చూసి, "జయపాల్ గారండీ, ఒక్కసారి అలా రైతుబజారు దాకా వెళ్ళి రండి" అన్నాడు. వెళ్ళొచ్చాడు. "ఇంకొక్కసారి వెళ్ళండి." ఆ సాయంత్రం దాకా వెళ్ళమన్నప్పుడల్లా వెళ్ళి, రమ్మన్నప్పుడల్లా వచ్చాడు. చివరికి తేలిందేమిటంటే, టీకొట్టు దాకా ఆయన ప్రభావం ఉంటుంది, రైతుబజారు గేటు దాటితే పోతుంది.

"ఇలా ఉండదండీ. ఎక్కడో లూజు కాంటాక్టు" అన్నాడు జయపాల్.

"ఎక్కడండీ?" అన్నారు రామతులసి గారు.

అతను మళ్ళీ స్క్రూడ్రైవరు తీశాడు.

అప్పటినుంచి ఆఫీసువాళ్ళు బాగుచెయ్యమని పిలవడం మానేసి, వచ్చి కూర్చోమని పిలవడం మొదలుపెట్టారు. సోమవారం అర్జీల రోజు. జనం బారులు తీరతారు, కాపీలు కావాలి. జయపాల్‌కి మెషిన్ పక్కన కుర్చీ వేశారు. మొదట్లో సంచీ తెరిచి ఏదో ఒకటి తుడుస్తూ ఉండేవాడు. తరవాత పేపరు చదువుకునేవాడు. ఒక సోమవారం ఆఫీసరుగారు అటుగా వెళ్తూ ఆగి, "కాస్త దగ్గరికి జరగండి, కాపీలు పలచగా వస్తున్నాయి" అన్నారు. జయపాల్ జరిగాడు. కాపీ ముదురుగా వచ్చింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదు.

"నేను మెకానిక్‌నా, దిష్టిబొమ్మనా?" అన్నాడు భార్యతో.

దేవకుమారి ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. "ఇకమీదట వెళ్ళకండి" అంది.

"నేను వెళ్ళకపోతే అక్కడ జనం ఎండలో నిలబడతారు."

"అయితే వెళ్ళండి."

ఆ మెషిన్‌ని తీసేయించడానికి ఆఫీసువాళ్ళు ప్రయత్నించలేదని కాదు. ప్రభుత్వ వస్తువు పనికిరాదని రాయాలంటే జిల్లా నుంచి ఇంజనీరు వచ్చి పరీక్షించాలి. పరీక్ష జరిగేటప్పుడు మెకానిక్ ఎదురుగా ఉండాలని రూలు. ఇంజనీరు వచ్చాడు, జయపాల్ ఎదురుగా నిలబడ్డాడు, మెషిన్ మల్లెపువ్వులాంటి కాపీ తీసింది. "నేను లేకపోతే పనిచెయ్యదండి" అని జయపాల్ మొత్తుకున్నాడు. ఇంజనీరు కళ్ళద్దాలు సర్దుకుని, "అయితే ఉండండి" అని, బాగానే ఉందని రాసి వెళ్ళిపోయాడు.

జయపాల్ రాలేని రోజుల కోసం బుల్లిరాజు రకరకాల ఉపాయాలు చేశాడు. వీడియో కాల్ చేసి ఫోన్‌ని మెషిన్‌కి ఎదురుగా నిలబెట్టాడు. జయపాల్ భీమవరంలో ఇంకో మెషిన్‌లో తల దూర్చి పనిచేసుకుంటూ ఉంటే, ఆ ముఖం చూస్తూ ఇక్కడి మెషిన్ నడిచింది. కాల్ కట్టయినప్పుడు కాగితం మధ్యలో చిరిగిపోయింది. దాంతో బుల్లిరాజు ఫోటోకి మళ్ళాడు. ఆఫీసులో ఏదో పనికి ఇచ్చిన జయపాల్ ఆధార్ కాపీ ఉంటే, ఇంకో వీడియో కాల్ నడుస్తుండగా దాని మీది ముఖాన్ని ఆ మెషిన్ మీదే పెద్దది చేశాడు. అసలే ఆధార్ ఫోటో. పెద్దదయ్యేసరికి నల్లగా, కళ్ళు లోతుకు పోయి, ఏదో చూడకూడనిది చూసినట్టు ఉంది. దాన్ని ఫ్రేము కట్టించి మెషిన్ పైన గోడకి తగిలించాడు. అంతే, మెషిన్ నడిచింది.

జయపాల్‌కి ఈ సంగతి తెలియదు. ఆ ఆఫీసు నుంచి ఫోన్లు రావడం ఆగిపోయిందని మాత్రం గమనించి, తన రిపేరు ఇన్నాళ్ళకి ఫలించిందనుకుని సంతోషించాడు.

దసరా వచ్చింది. ఆయుధపూజకి బుల్లిరాజు ఆఫీసు జీపు కడిగి, కంప్యూటర్లకి బొట్లు పెట్టి, మెషిన్‌కి బంతిపూల దండ వేద్దామని చూశాడు. మూత పైకి లేస్తుంది కాబట్టి దండ నిలవలేదు. పైన గోడకున్న ఫ్రేముకి వేశాడు. బొట్టు కూడా పెట్టి, ముందు రెండు అగరొత్తులు గుచ్చాడు. అతని మనసులో గౌరవం తప్ప ఇంకేమీ లేదు.

సెలవుల తరవాత ఆఫీసు తెరిచిన రోజున సారిక అనే అమ్మాయి అక్కడికి వచ్చింది. జయపాల్ వెళ్ళే చర్చిలోనే పాడుతుంది. అమ్మమ్మ పొలం కాగితం కోసం వచ్చి లైనులో నిలబడింది. గోడ మీద జయపాల్ నలుపు తెలుపు ఫోటో, దానికి దండ, కింద అగరొత్తి బూడిద. సారిక లైను వదిలేసి కౌంటరు దగ్గరికి వెళ్ళి, "మేడమ్, ఈ అంకుల్..." అంది.

రామతులసి గారు తల ఎత్తకుండా సంతకాలు చూసుకుంటున్నారు. "మా మెకానిక్ గారమ్మా. ఆయన ఉన్నన్నాళ్ళూ ఈ మెషిన్‌కి లోటు లేదు. ఇప్పుడు ఆయన లేరు కదా, ఇలా ఫోటో పెట్టుకుని నెట్టుకొస్తున్నాం" అన్నారు.

సారిక కాగితం తీసుకోకుండానే బయటికి వచ్చి పాస్టరయ్యగారికి ఫోన్ చేసింది.

ఆ పొద్దున్నే జయపాల్ మండపేటలో ఒక రైసుమిల్లు ఆఫీసుకి వెళ్ళాడు. ఫోన్‌లో ఛార్జింగు లేదు. స్విచాఫ్ అయ్యి సంచీలో అడుగున పడి ఉంది. బడికి దసరా సెలవులు ఇంకా ఉన్నాయి, దేవకుమారి ఇంట్లో బట్టలు ఉతుక్కుంటూ ఉంటే పాస్టరయ్యగారు, వెనకాల చర్చి పెద్దలు గేటు తీసుకుని లోపలికి వచ్చారు.

"ధైర్యంగా ఉండాలమ్మా" అన్నారు పాస్టరయ్యగారు.

విషయం విన్నాక దేవకుమారి సబ్బు చేతులతో అలాగే నిలబడింది. "పొద్దున్న ఇడ్లీ తిని వెళ్ళారండీ" అంది.

"అందరూ అలాగే వెళ్తారమ్మా."

"మరి ఫోటోకి అప్పుడే దండ ఎలా వేస్తారండీ?"

పెద్దల్లో ఒకాయన ఆలోచించి, గవర్నమెంటాఫీసు కదా, వాళ్ళకి అందరికంటే ముందే కబురు వస్తుంది అన్నాడు. అందరికీ ఆ మాట సబబుగానే తోచింది. దేవకుమారి నమ్మలేదు. కానీ ఫోన్ చేసినప్పుడల్లా స్విచాఫ్ అని వస్తుంటే, నమ్మకపోవడం కష్టమైపోయింది. గుమ్మం లోపల కూర్చుని ఆ నంబరే నొక్కుతూ ఉంది. ఎవరు పలకరించినా, "ఒక్క నిమిషం ఆగండి, రింగవుతుందేమో" అనేది. చేతికి సబ్బు ఎండిపోయింది. చర్చి కుర్రాళ్ళు షామియానా తెచ్చి వీధిలో కట్టేశారు. కుర్చీలు వేశారు. ఎవరో టీ కాయించారు.

జయపాల్ మిట్టమధ్యాహ్నం దాటాక తిరిగొచ్చాడు. మిల్లులో టోనరు డబ్బా చేతిలోనే పగిలి, ఆ నల్లపొడి, ఊకబూడిద కలిసి ఒంటినిండా మసి. ముఖానికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. వీధి మొదట్లోనే షామియానా కనిపించింది. పక్కింటి వీరబ్రహ్మం గారు చాలాకాలంగా మంచంలో ఉన్నారు. అయ్యో, పోయారన్నమాట అనుకున్నాడు. బండి కాలువ గట్టున ఆపి, ఈ వేషంతో ముందుకి వెళ్ళడం మర్యాద కాదని, సంచీ ఒళ్ళో పెట్టుకుని చివరి వరసలో కూర్చున్నాడు. కాసేపు తల దించుకుని వీరబ్రహ్మం గారి కోసం మౌనంగా ప్రార్థన చేశాడు. తల ఎత్తేసరికి వీరబ్రహ్మం గారు ముందు వరసలో కూర్చుని టీ ఊదుకుంటున్నారు.

జయపాల్ పక్కాయన వైపు వంగి, "ఎవరండీ పోయింది?" అన్నాడు మెల్లిగా.

ఆ పక్కాయన రమేష్ బాబు, కాలేజీ ఎదురుగా జిరాక్సు కొట్టు. "జిరాక్సు జయపాల్ అండి. మండపేటలోనట" అన్నాడు.

చుట్టూ అంత గంభీరంగా ఉంటే, నేను బతికే ఉన్నానని లేచి అరవడం జయపాల్‌కి సభ్యతగా అనిపించలేదు.

"మంచిమనిషండి" అన్నాడు రమేష్ బాబు నిట్టూర్చి. "చెప్పిన రోజుకి ఏనాడూ రాలేదనుకోండి. అయినా మంచిమనిషి. మా మెషిన్‌కి డ్రమ్ము మార్చాలి. రేపు, రేపు అనేవాడు."

"డ్రమ్ము చెన్నై నుంచి రావాలి కదండీ మరి" అన్నాడు జయపాల్, ఉండబట్టలేక.

"ఆయనా అదే అనేవాడండి."

ముందు కూర్చున్న ఇద్దరు ముగ్గురు కూడా వెనక్కి తిరిగారు. ఒకరు తమ స్కూలు మెషిన్ గురించి, ఒకరు తమ ప్లీడరుగారి మెషిన్ గురించి చెప్పుకున్నారు. అందరూ మెషిన్ల కోసం బాధపడుతున్నారు. ఇక ఎవరు చూస్తారంటే ఎవరికీ పేరు తట్టలేదు. జయపాల్ గుడ్డ వెనకాల ఏడ్చాడు. తన గురించా, తనని తలుచుకుంటున్నారనా, అతనికే తెలియదు.

అప్పుడు దేవకుమారి నీళ్ళ కోసం గుమ్మంలోకి వచ్చింది. చివరి వరసలో నల్లటి మనిషి, ఒళ్ళో సంచీని బిడ్డని పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. అలా ఈ భూమ్మీద ఒక్కరే కూర్చుంటారని ఆవిడకి తెలుసు. కుర్చీల మధ్యనుంచి నేరుగా వచ్చి ముఖం మీది గుడ్డ లాగేసింది.

"ఫోన్ ఎందుకు తియ్యలేదు?"

"ఛార్జింగ్ లేదు."

ఆవిడ అక్కడే నేల మీద కూర్చుండిపోయి అతని ప్యాంటు అంచు పట్టుకుంది. జనమంతా లేచి నిలబడ్డారు. వీరబ్రహ్మం గారి చేతిలో కప్పు ఒలికింది. రమేష్ బాబు కాస్త ఎడంగా జరిగి, "నేనేం చెడ్డగా అనలేదు కదండీ" అన్నాడు.

పాస్టరయ్యగారు అనుభవజ్ఞులు. కుర్చీలున్నాయి, జనం ఉన్నారు, టీ ఉంది, కాబట్టి సంతాప కూడికని అక్కడికక్కడే స్తుతి కూడికగా మార్చేశారు. జయపాల్‌ని ముఖం కడుక్కు రమ్మని ముందు వరసలో కూర్చోబెట్టారు. సారిక ఏడుస్తూనే పాట ఎత్తుకుంది. అంతా అయ్యాక జయపాల్ ఆయన్ని పక్కకి పిలిచి, తన గురించి ఏం మాట్లాడదామనుకున్నారని అడిగాడు.

"ఓర్పు గురించి" అన్నారు పాస్టరయ్యగారు.

చావు వార్త పాలకొల్లు దాటి పోయినంత వేగంగా, అది తప్పన్న సంగతి పోలేదు. చాలామంది జయపాల్ నంబరు ఫోన్లోంచి తీసేశారు. కొందరు దేవకుమారికి ఫోన్ చేసి, ఆయన స్క్రూడ్రైవర్లు అమ్ముతారా అని అడిగారు. కాలేజీ క్లర్కు ఒక్కడే నేరుగా జయపాల్‌కే ఫోన్ చేశాడు. "మీరు పోయారని విన్నానండి." "లేదండి." "సరేనండి. పాములు వచ్చాయి, ఎప్పుడొస్తారు?"

ఆ వారంలోనే దేవకుమారి సెలవు పెట్టి, భర్తని బండి ఎక్కించుకుని ఆ ఆఫీసుకి వెళ్ళింది. బండి ఆవిడే నడిపింది. రామతులసి గారు ఆవిడని చూడగానే లేచి నిలబడి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"లేరంటే ఊళ్ళో లేరనమ్మా నా ఉద్దేశం."

"తెలుసండి. ఆ ఫోటో తీసేయండి. మా ఆయన కావాలంటే ఫోన్ చెయ్యండి."

బుల్లిరాజు స్టూలెక్కి ఫ్రేము దించాడు. దండ వాడిపోయి గోడకి అంటుకుంది. దాన్ని కూడా గోకి తీశాడు. అది చూస్తూ నిలబడ్డ జయపాల్‌కి, ఇన్నేళ్ళలో మొదటిసారి, ఈ మెషిన్‌ని బాగుచెయ్యాలని అనిపించలేదు.

"దీన్ని పంపించేద్దామండి. నేను కనిపెట్టలేను. ఒప్పుకుంటున్నాను" అన్నాడు.

"మీరు ఎదురుగా ఉంటే అది పోదు కదండీ" అన్నారు రామతులసి గారు.

అప్పుడు అందరూ కూర్చుని ఆలోచించారు. మెకానిక్ ముందురోజే వచ్చి చూసి వెళ్ళినట్టు రాయొచ్చని ఆఫీసరుగారు ఒప్పుకున్నారు. ఇంజనీరు వచ్చే రోజున జయపాల్ ఎక్కడుండాలన్నదే చర్చ. పాలకొల్లు చాలదేమోనని ఒకరు, భీమవరం వెళ్తే మంచిదని ఒకరు. చివరికి బుల్లిరాజు తేల్చాడు. "గోదావరి దాటించేద్దామండి. నీళ్ళవతల నుంచి ఏ మహిమా పనిచెయ్యదు."

అలా ఇంజనీరు వచ్చే రోజున జయపాల్, దేవకుమారి నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కారు. లారీలు, బైకులు, మేకలు, కొబ్బరికాయల బస్తాలు, వాటి మధ్య వీళ్ళిద్దరూ చేతులూపుకుంటూ. సంచీ తేవద్దని దేవకుమారి గట్టిగా చెప్పింది. అవతల సఖినేటిపల్లి రేవులో దిగి, ఇంకా అనుమానంగా ఉండి, ఆటో ఎక్కి అంతర్వేది సముద్రం దాకా వెళ్ళిపోయారు. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి సముద్రం దగ్గర కూర్చోవడం అదే మొదలు. అంతకుముందు ఎప్పుడు బయలుదేరినా దారిలో ఏదో ఒక మెషిన్ ఆగిపోయేది.

దేవకుమారి తోపుడుబండి దగ్గర మిరపకాయ బజ్జీలు కట్టించుకుని వచ్చేసరికి ఫోన్ మోగింది. బుల్లిరాజు గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"అయిపోయిందండి. ఇంజనీరు గారు ఎన్ని మీటలు నొక్కినా లైటు కూడా వెలగలేదు. సంతకం పెట్టేశారు."

జయపాల్ ఫోన్ చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాడు. "ఏమైనా చప్పుడు చేసిందా?" అన్నాడు.

"లేదండి. ప్రశాంతంగానే ఉంది."

"మూత వేసి ఉంచండి. బల్లులు దూరతాయి" అని ఫోన్ పెట్టేశాడు.

దేవకుమారి పొట్లం విప్పి అతని ముందు పెట్టింది. అల ఒకటి వాళ్ళ కాళ్ళ దాకా వచ్చి చెప్పులు తడిపి పోయింది. జయపాల్ ఒక బజ్జీ తీసుకున్నాడు.

"దాని డ్రమ్ము ఇంకా మంచిదే. రమేష్ బాబు మెషిన్‌కి సరిపోతుంది" అన్నాడు.

"ముందు అది తినండి" అంది దేవకుమారి, చెప్పులు రెండూ తీసి పైన ఎండలో పెడుతూ.